ఎండిన నేలలో పారే పేరు: ఫ్లోరోసిస్ అనే మాట పుట్టుపూర్వోత్తరాలు

మా పెదనాన్న ట్రంకుపెట్టెలో, పొలం పాసుపుస్తకం కింద, నాలుగు మడతలు పెట్టిన ఒక ఆస్పత్రి చీటీ ఉంది. పొదిలి నుంచి కనిగిరి పోయే దారిలోని పల్లె ఆయనది. చీటీ మడతల దగ్గర చిరిగింది, సిరా వెలిసింది, డాక్టరు సంతకం సగమే మిగిలింది. అయినా రోగం పేరు రాసిన వరుస మాత్రం ఇప్పటికీ చదవడానికి వీలుగానే ఉంది: 'స్కెలెటల్ ఫ్లోరోసిస్, జెను వాల్గమ్'. మొన్న సంక్రాంతికి వెళ్లినప్పుడు ఆయన దాన్ని తీసి నా చేతిలో పెట్టి, "జబ్బేందో నాకు తెలుసులే అబ్బయా, చిన్నప్పటి నుంచి మోస్తానే ఉండా. ఈ పేరుకి అర్థమేంది, అది చెప్పు" అన్నారు.

ఇంగ్లీషు వైద్యపదాలన్నీ లాటిన్ నుంచి వచ్చాయని మనం చదువుకున్నాం కాబట్టి, నిఘంటువు తీసి అర్థం చెప్పేస్తే సరిపోతుందనుకున్నాను. తీరా కూర్చుని చూస్తే ఆ నాలుగు మాటల్లో ఏ రెండూ ఒకే దారిన వచ్చినవి కావు. మొదటిది గ్రీకు. రెండోదాని తల లాటిన్, తోక గ్రీకు. ఆ తల కూడా జర్మన్ గనికూలీల మాటకు తొడిగిన లాటిన్ చొక్కా. మూడోది అచ్చమైన లాటిన్, పైగా మన పురాణాల్లో రోజూ వినపడే ఒక సంస్కృత పదానికి తోబుట్టువు. నాలుగోదీ లాటినే, కానీ రోమన్లు దాన్ని వాడిన అర్థానికి ఈనాటి డాక్టర్లు వాడే అర్థం పూర్తిగా తలకిందులు. ఇక్కడ చెప్పబోయేదంతా ఆ ఒక్క వరుస కథ. అందులోనూ ఎక్కువ భాగం, తాగే నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లకూ ఎముకలకూ పట్టే జబ్బైన ఫ్లోరోసిస్‌దే, ఎందుకంటే ఈ దేశంలో ఆ మాట వైద్య పత్రికలకు ఎక్కింది మన ప్రాంతం పేరుతోనే.

ముందుగా చెవికి కలిగే తికమకను తీర్చుకోవాలి. తెలుగులో రాసేటప్పుడు 'ఫ్లో' అని మొదలయ్యే ఇంగ్లీషు మాటలు ఒకదానికొకటి చుట్టాల్లా కనిపిస్తాయి. ఇంటికి వేసే ఫ్లోర్, పిండి ఆడించే ఫ్లోర్ మిల్లు, మొక్కల సంపదను చెప్పే ఫ్లోరా, బోరునీళ్లలో ఉండే ఫ్లోరైడ్, ఇవన్నీ మన లిపిలో ఒకే కుటుంబం. నిజానికి నేలను చెప్పే ఫ్లోర్ జర్మన్ భాషల వైపు మాట. పిండిని చెప్పే ఫ్లోర్, పువ్వును చెప్పే లాటిన్ 'ఫ్లోస్' నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చింది; పిండిలో మేలైన భాగాన్ని 'పిండి పువ్వు' అనడం అక్కడివాళ్ల అలవాటు. ఫ్లోరా కూడా ఆ పువ్వుదే. ఫ్లోరైడ్‌కు పువ్వుతో గానీ పిండితో గానీ నేలతో గానీ ఏ సంబంధమూ లేదు. ఇంగ్లీషులో రాసేటప్పుడు చదువుకున్నవాళ్లు సైతం 'యు', 'ఓ' అక్షరాలు అటూ ఇటూ చేసి దాన్ని 'పిండి రోగం'గా మార్చేస్తుంటారు; 'ప్లోరిన్ నీళ్లు' అని తెలుగులో రాయించే మన గ్రామపంచాయతీ బోర్డులే ఆ విషయంలో నయం.

ఫ్లోరైడ్‌లోని మూలం 'ఫ్లూయెరె' అనే లాటిన్ క్రియ. దానికి పారడం, కారడం, ప్రవహించడం అని అర్థం. దాని నుంచి పుట్టిన నామవాచకమే 'ఫ్లూయోర్', అంటే పారుడు. ఇంగ్లీషులో ఈ క్రియకు సంతానం ఎక్కువ. ఆస్పత్రిలో ఎక్కించే ఫ్లూయిడ్స్, వెల్డింగు షాపులో వాడే ఫ్లక్స్, పలుకుబడిని చెప్పే ఇన్‌ఫ్లుయెన్స్ అన్నీ అవే. నక్షత్రాల నుంచి మనుషుల మీదికి ఏదో ప్రభావం పారుతుందని, అందువల్లనే ఊళ్లకు ఊళ్లు జ్వరాన పడతాయని నమ్మిన కాలంలో ఇటలీవాళ్లు ఆ జ్వరాన్ని 'ఇన్‌ఫ్లుయెంజా' అన్నారు. మనం దాన్ని ఫ్లూ అని కత్తిరించుకున్నాం. అంటే ఫ్లూ జ్వరం, ఫ్లోరోసిస్ పేర్లకు తాత ఒకడే, జబ్బులకు మాత్రం ఏ చుట్టరికమూ లేదు.

ఇంతవరకూ వచ్చాక, ఇంగ్లీషులో ప్రవాహాన్ని చెప్పే 'ఫ్లో' కూడా దీని బిడ్డే కదా అని ఎవరైనా అంటారు. నేనూ అలాగే అనుకున్నాను. కాదు. లాటిన్ 'ఫ'కారం ఎక్కువగా, లాటిన్, ఇంగ్లీషు, సంస్కృతాలు మూడింటికీ తల్లి అయిన మూలభాషలోని 'భ'కారం లాంటి ధ్వని నుంచి వచ్చింది. ఇంగ్లీషు 'ఫ'కారం ఎక్కువగా 'ప'కారం నుంచి వచ్చింది. సంస్కృత 'పితృ'కు ఇంగ్లీషు ఫాదర్ ఎలాగో, సంస్కృత 'ప్లు' ధాతువుకు ఇంగ్లీషు ఫ్లో అలాగే. వరద వచ్చి ఊరు జలప్లావితమైందని మనం రాసే మాటలో ఉన్నది ఆ ధాతువే. కాబట్టి ఇంగ్లీషు ఫ్లో మన 'ప్లావితా'నికి తోబుట్టువు. లాటిన్ ఫ్లూయోర్ వేరే కొమ్మ. చూపులకు ఒక్కలా ఉన్నంత మాత్రాన మాటలు చుట్టాలు కావన్న సంగతికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ నాకు దొరకలేదు.

పారుడు అనే ఈ మాట ఒక రాయికి పేరెలా అయిందన్నది అసలు కథ. 16వ శతాబ్దంలో, ఇప్పటి జర్మనీ, చెక్ దేశాల సరిహద్దు కొండల్లో వెండి గనులు ముమ్మరంగా నడుస్తున్న రోజుల్లో, యోఆఖిమ్‌స్టాల్ అనే గనుల ఊళ్లో గియోర్గియుస్ అగ్రికోలా అనే వైద్యుడు ఉండేవాడు. 1494లో పుట్టిన ఆయన అసలు పేరు గియోర్గ్ బావర్. జర్మన్‌లో బావర్ అంటే రైతు. పండితులంతా తమ పేర్లను లాటిన్ చేసుకునే కాలం గనుక ఆయనా రైతుకు లాటిన్ మాటైన అగ్రికోలాను పేరుగా పెట్టుకున్నాడు. రోగులను చూసే తీరికలో గనుల్లోకి దిగి, కొలుముల దగ్గర నిలబడి, పనివాళ్లు ఏ రాయిని ఏమంటారో అడిగి రాసుకునేవాడు. 1530లో 'బెర్మానుస్' అనే సంభాషణ గ్రంథం ప్రకటించాడు. అందులో ఒక రకం రాళ్ల ప్రస్తావన ఉంది: రత్నాల్లా రంగురంగులుగా మెరుస్తాయి, అంత గట్టివి కావు, నిప్పు వేడికి ఎండలో మంచులా కరిగి పారిపోతాయి, అందుకే గనివాళ్లు వాటిని పారుడురాళ్లు అంటారు, ఆ పేరు తగినదే అని ఆయన భావం. గనివాళ్లు జర్మన్‌లో అన్న మాటను ఆయన లాటిన్‌లోకి మార్చి 'ఫ్లూయోరెస్' అని రాశాడు. ఆయన పెద్ద పుస్తకం 'దె రె మెటాలికా' ఆయన పోయిన మరుసటి ఏడు, 1556లో, అచ్చయింది.

ఆ రాళ్ల ఉపయోగం తెలియాలంటే నెల్లూరులో ఏ కంసాలి ఆచారి కొట్టు ముందైనా పది నిమిషాలు నిలబడితే చాలు. పాత ఉంగరాన్ని మూసలో వేసి, కుంపట్లో పెట్టి, ఊదుగొట్టంతో ఊదుతూ, బంగారం ఎర్రబడుతుండగా ఆయన చిటికెడు తెల్లని పొడి మూసలోకి చల్లుతాడు. అంతవరకూ ముద్దగా మొరాయించిన లోహం ఒక్కసారిగా కంటిపాపలా నిగనిగలాడుతూ అటూ ఇటూ కదలడం మొదలుపెడుతుంది. మురికి అంతా పక్కకు చేరుతుంది. ఆ పొడి వెలిగారం. వెలిగారం బంగారానికి చేసే పనినే ఆ గనుల్లో పారుడురాయి ఖనిజానికి చేసేది: త్వరగా కరిగించడం, మడ్డిని పలచన చేసి విడదీయడం. ఉక్కు కర్మాగారాల్లో ఇప్పటికీ ఆ రాయిని అందుకే వాడతారు. దాన్నే ఇప్పుడు ఫ్లోర్‌స్పార్ అనీ ఫ్లోరైట్ అనీ అంటున్నాం. రసాయనికంగా అది కాల్షియం ఫ్లోరైడ్.

అంటే ఫ్లూయోర్ అన్న పేరులో రాయి రంగు లేదు, రుచి లేదు, విషం లేదు. కొలిమి దగ్గర అది చేసే పని మాత్రమే ఉంది. ఇది లాటిన్ మూలమే గానీ రోమన్ల మాట కాదు. సిసిరో కాలపు రోమన్‌ను లేపి ఫ్లూయోర్ అంటే ఏమిటని అడిగితే నీళ్లు పారడం అంటాడే తప్ప రాయి అని అనడు. వైద్యపదాల విషయంలో 'లాటిన్ మూలం' అని మనం తేలికగా అనేదాంట్లో చాలా భాగం ఇలాంటిదే. ప్రాచీన రోమ్‌లో పుట్టి నేరుగా మన దాకా నడిచి వచ్చిన మాటలు కొన్ని. యూరప్ పండితులు తమ ఊరి మాటలను గౌరవంగా కనపడేలా లాటిన్‌లో కుట్టించుకున్నవి అంతకంటే ఎన్నో. మన దగ్గర పల్లెటూళ్ల పేర్లకు స్థలపురాణాలవాళ్లు సంస్కృతం తొడిగినట్టే ఇదీ.

రాయి నుంచి మూలకానికి పేరు మారడానికి ఇంకో మూడు వందల ఏళ్లు పట్టింది. 1771లో స్వీడన్‌కు చెందిన షీలే ఆ రాతిని గంధకామ్లంతో కలిపి వేడిచేస్తే గాజుపాత్రనే తినేసే ఒక ఆమ్లపు ఆవిరి వచ్చింది. అందులో ఇంతవరకూ ఎరగని మూలకం ఏదో ఉండాలని విద్యుత్తు కొలమానానికి పేరిచ్చిన ఫ్రెంచివాడు ఆంపియర్ ఊహించి, లండన్‌లోని హంఫ్రీ డేవీకి ఉత్తరం రాశాడు. డేవీ అప్పటికే క్లోరిన్‌కు ఆ పేరు పెట్టి ఉన్నాడు. ఆ వరుసలోనే రాయి పేరుకు 'ఇన్' చేర్చి ఫ్లోరిన్ అనడం 1813లో పత్రికలకెక్కింది. మూలకాన్ని విడదీయడం మాత్రం ఎవరి వల్లా కాలేదు. ప్రయత్నించినవాళ్లలో డేవీతో సహా పలువురు ఆ ఆవిరికి జబ్బుపడ్డారు; బెల్జియంలో లూయే, ఫ్రాన్సులో నిక్లెస్ ప్రాణాలే పోగొట్టుకున్నారు. చివరికి 1886 జూన్ 26న పారిస్‌లో హెన్రీ మొయిస్సాన్ ప్లాటినం పాత్రలో విద్యుత్తు పంపి దాన్ని పట్టగలిగాడు. 1906లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది.

ఇక్కడ ఒక చిన్న పక్కదారి. ఆంపియర్‌కే తాను సూచించిన పేరు తర్వాత నచ్చలేదు. ఇంత వినాశకరమైన పదార్థానికి 'పారేది' అన్న పేరేమిటని, గ్రీకులో నాశనాన్ని చెప్పే మాట నుంచి 'ఫ్తోరిన్' అని ఇంకో పేరు ప్రతిపాదించాడు. పడమటి యూరప్ దాన్ని పట్టించుకోలేదు, రష్యన్లు పట్టుకున్నారు. వాళ్ల భాషలో ఈ మూలకం నేటికీ 'ఫ్తోర్'. తమాషా ఏమిటంటే ఆ మూలకం వల్ల పళ్లకు పట్టే జబ్బును మాత్రం రష్యన్లు కూడా 'ఫ్ల్యూరోజ్' అనే అంటారు. అంటే వాళ్ల దగ్గర కారణం పేరు గ్రీకు, కార్యం పేరు లాటిన్. నా మటుకు నాకు ఆంపియర్ రెండో ఆలోచనే సబబనిపిస్తుంది. నాశనం అన్న అర్థం ఉన్న మాటే మన చీటీ మీద ఉండి ఉంటే, పెదనాన్నకు ఇంత వివరణ అవసరమయ్యేది కాదు.

ఫ్లోర్‌స్పార్ ఇంకో కుటుంబానికి కూడా పేరిచ్చింది. ఆ రాతి ముక్కల్లో కొన్ని కంటికి కనపడని అతినీలలోహిత కాంతి పడితే నీలంగా వెలుగుతాయి. 1852లో స్టోక్స్ అనే శాస్త్రవేత్త ఆ వెలుగును ఆ రాతి పేరుతో 'ఫ్లోరెసెన్స్' అన్నాడు. మన ఇళ్లలో మొన్నమొన్నటి దాకా వెలిగిన ట్యూబ్‌లైటుకు ఫ్లోరెసెంట్ అన్న విశేషణం అలా వచ్చింది. ఎక్స్‌రే కిరణాలు పడితే వెలిగే తెర మీద శరీరం లోపలి కదలికను చూసే పరీక్ష ఫ్లోరోస్కోపీ. ఆస్పత్రి బోర్డు మీద ఫ్లోరోస్కోపీ గది అని చూసి, అది ఫ్లోరైడ్ జబ్బుకు చేసే పరీక్ష అనుకుని ఆ గది ముందు కూర్చున్నవాళ్లను నేను చూశాను. ఆ పేరులో ఉన్నది వెలుగు, ఫ్లోరిన్ కాదు. మందుల చీటీల మీద కనిపించే ఫ్లోరోక్వినలోన్ల సంగతి వేరు. సిప్రోఫ్లాక్సాసిన్ లాంటి ఆ మందుల అణువులో ఫ్లోరిన్ పరమాణువు నిజంగానే ఉంది. అలాగని ఆ మాత్ర మింగితే ఫ్లోరోసిస్ వస్తుందని భయపడనక్కర్లేదు.

ఇంకా పాత వైద్యగ్రంథాలు తిరగేసేవాళ్లకు మరో తికమక ఎదురవుతుంది. అందులో 'ఫ్లూయోర్ ఆల్బుస్' అన్న జబ్బు కనపడుతుంది. ఆల్బుస్ అంటే తెల్లనిది. అది ఆడవాళ్లకు తెల్లబట్ట కావడానికి పాత లాటిన్ పేరు. అక్కడ ఫ్లూయోర్ తన సహజమైన అర్థంలోనే, కారడం అన్న అర్థంలోనే, ఉంది. రసాయనశాస్త్రం ఆ మాటను రాయికీ మూలకానికీ తీసుకుపోయాక వైద్యం ఆ పాత వాడుకను మెల్లగా వదులుకుంది. ఒకే మాట వైద్యంలోకి రెండుసార్లు వచ్చింది: మొదట శరీరం నుంచి కారేదానికి, తర్వాత శరీరంలోకి నీళ్లతో పోయేదానికి.

ఆ రెండో రాకకు మూలం పళ్లు. 1901లో అమెరికాలోని కొలరాడో స్ప్రింగ్స్‌లో వైద్యం మొదలుపెట్టిన మెకే అనే పళ్ల డాక్టరు అక్కడి పిల్లల పళ్ల మీద గోధుమరంగు మచ్చలు చూశాడు. కారణం తెలియదు కాబట్టి కంటికి కనిపించిందే పేరైంది. ఊరివాళ్లు 'కొలరాడో గోధుమ మరక' అన్నారు, డాక్టర్లు 'మచ్చల పింగాణీ' అన్న అర్థం వచ్చే పేరు వాడారు. మనవాళ్లు 'గారపళ్లు' అన్నట్టే అది. నీటిలో ఏదో ఉందని మెకే ఏళ్ల తరబడి అంటూనే ఉన్నా, ఆ ఏదో ఏమిటో 1931లో గానీ తేలలేదు. అల్యూమినియం కంపెనీ రసాయనవేత్త చర్చిల్, ఆర్కన్సా రాష్ట్రంలో బాక్సైట్ అనే ఊరి నీటిని పరీక్షించి అందులో ఫ్లోరైడ్ ఎక్కువగా ఉందని కనిపెట్టాడు. కొద్ది ఏళ్లలోనే మచ్చ, మరక అన్న మాటలు వెనకబడి ఫ్లోరోసిస్ ముందుకు వచ్చింది.

ఈ మార్పును తేలిగ్గా తీసుకోకూడదు. గారపళ్లు అన్నప్పుడు తప్పు పళ్లది. తోముకోకపోవడం వల్ల వచ్చిందని ఎవరైనా అనవచ్చు, అన్నారు కూడా. నడుం పట్టేసింది అన్నప్పుడు తప్పు నడుముది, లేదా వయసుది. ఫ్లోరోసిస్ అన్న మరుక్షణం తప్పు నీటిది అవుతుంది. పేరులో లక్షణం మాయమై కారణం వచ్చి కూర్చుంది. కొలిమి దగ్గర కూలీలు సరదాగా పెట్టిన పేరుకు ఆ శక్తి ఎక్కడి నుంచి వచ్చిందంటే, మధ్యలో రసాయనశాస్త్రం దాన్ని ఒకే ఒక పదార్థానికి కట్టేయడం వల్ల వచ్చింది. మాట పుట్టుకలో లేని అర్థం మాట ప్రయాణంలో చేరింది.

కొలరాడో మచ్చల కారణం తేలిన ఆరేళ్లకే ఆ మాట మన గడప తొక్కింది. 1937లో 'ఇండియన్ మెడికల్ గెజెట్'లో షార్ట్, పండిత్, రాఘవాచారి అనే ముగ్గురు పరిశోధకులు దక్షిణ భారతంలోని నెల్లూరు జిల్లాలో స్థానికంగా పాతుకుపోయిన ఫ్లోరోసిస్ గురించి ఒక వ్యాసం ప్రకటించారు. జిల్లా పేరు శీర్షికలోనే ఉంది. దేశంలో మనుషులకు ఈ జబ్బు ఉందని వైద్యలోకానికి తెలిసింది అలా. అప్పటి నెల్లూరు జిల్లా ఇప్పటిది కాదు. దర్శి, పొదిలి, కనిగిరి తాలూకాలు అప్పుడు నెల్లూరులోనే ఉండేవి. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడినప్పుడు అవి అటు పోయాయి, 1972లో ఆ జిల్లాకు టంగుటూరి ప్రకాశం పంతులు పేరు పెట్టారు. అందుకే పాత వ్యాసాలు చదివి నెల్లూరు అంటే పెన్నా ఒడ్డు వరిపొలాలనుకునేవాళ్లు పొరపడతారు. ఆ శీర్షికలోని నెల్లూరు చాలా మేరకు పడమటి మెట్టభూములు.

ఆ మెట్టల అడుగున ఉన్నది గ్రానైటు, నైస్ జాతి రాళ్లు. ఫ్లోర్‌స్పార్ ఒక్కటే కాదు, ఎపటైటు, నల్ల అభ్రకం కూడా ఫ్లోరిన్‌ను దాచుకునే ఖనిజాలే. గూడూరు, సైదాపురం వైపు గనుల్లో తీసే అభ్రకాన్ని ఇంగ్లీషులో మైకా అంటాం. లాటిన్‌లో మైకా అంటే తునక, రవ్వ. మెరవడాన్ని చెప్పే ఇంకో లాటిన్ క్రియ ధ్వని కలవడంతో మెరిసే తునకకు ఆ పేరు స్థిరపడింది. మనవాళ్లు కాకిబంగారం అన్నదీ ఆ మెరుపు చూసే. ఏళ్ల తరబడి రాతి పగుళ్లలో నిలిచిన నీరు ఈ ఖనిజాల నుంచి ఫ్లోరైడ్‌ను కొంచెం కొంచెంగా కరిగించుకుంటుంది. నీటిలో కాల్షియం ఎక్కువుంటే అది ఫ్లోరైడ్‌ను పట్టి కింద కూర్చోబెడుతుంది. కాల్షియం తక్కువగా, చౌడుగుణం ఎక్కువగా ఉన్న నీటిలో ఫ్లోరైడ్‌కు అడ్డు ఉండదు. దానికి రంగు లేదు, వాసన లేదు, రుచి తేడా తెలియదు. లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకుండా ఉండాలని, వేరే నీరు దొరకని చోట 1.5 వరకూ ఓర్చుకోవచ్చని మన దేశపు తాగునీటి ప్రమాణం చెబుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ గీత కూడా 1.5 దగ్గరే. ఇప్పుడు ఆ ఊళ్లన్నిటిలో 20 లీటర్ల టిన్నుల్లో కొనుక్కుంటున్న నీళ్లను మినరల్ నీళ్లు అంటున్నారు. మినరల్ అంటే ఖనిజం, గనిలోది. ఖనిజాన్ని వడగట్టి తీసేసిన నీళ్లకు ఖనిజం నీళ్లని పేరు! మాటలు ఇలా ఎదురు తిరగడం లాటిన్‌లోనే జరగనక్కర్లేదు.

ఇక తోక సంగతి. 'ఓసిస్' అనేది గ్రీకు ప్రత్యయం. ఒక స్థితి ఏర్పడడాన్ని చెబుతుంది. 'ఐటిస్' అంటే వాపు, మంట ఉన్నట్టు. 'ఓసిస్' అంటే అది లేకుండా మెల్లగా స్థిరపడిన మార్పు అని వైద్యుల వాడుక. ఎముకను చెప్పే లాటిన్ 'ఓస్'కూ దీనికీ సంబంధం లేదు. ఆ 'ఓస్' మన 'అస్థి'కి చుట్టం. లాటిన్ మాటకు గ్రీకు ప్రత్యయం అతికించడాన్ని ఛాందస పండితులు తప్పు పట్టేవారు. మన వ్యాకరణం చదివినవాళ్లకు ఇది తెలిసిన తగువే. సంస్కృతపు మాటకు తెలుగు మాటను కుదరనిచోట ముడివేస్తే వైరిసమాసం అంటాం. ఆ లెక్కన ఫ్లోరోసిస్ వైరిసమాసం. సిలికోసిస్ కూడా అంతే: లాటిన్‌లో సైలెక్స్ అంటే చెకుముకిరాయి. రాతిదుమ్ము పీల్చే పనుల్లో ఊపిరితిత్తులకు వచ్చే జబ్బు అది. పలకల మార్కాపురం ఎరిగినవాళ్లకు ఆ దుమ్ము ఏమిటో చెప్పనక్కర్లేదు. ఒకే సీమలో ఒక రాయి గాలిలో కలిసి, ఇంకో రాయి నీటిలో కలిసి మనిషిలోకి పోతాయి. రెండిటికీ తల లాటిన్ రాయి, తోక గ్రీకు స్థితి.

చీటీలో మొదటి మాట 'స్కెలెటల్' గురించి ఎక్కువ చెప్పేది లేదు. ఎముకల గూటికి సంబంధించినది అని వాడుక. గ్రీకులో 'స్కెలెటోస్' అంటే ఎండిపోయినది, ఎండిన దేహం. ఫ్లోరైడ్ ఎముకల్లోని ఖనిజంలో చోటు సంపాదించి, ఏళ్లు గడిచేకొద్దీ ఎముకను చిక్కబరిచి, కీళ్ల దగ్గరి స్నాయువులను సున్నంలా గట్టిపరుస్తుంది. మెడ తిప్పాలంటే ఒళ్లంతా తిప్పాల్సి వస్తుంది. పళ్ల మీది మచ్చలు అలా కాదు. పన్ను చిగురులోపల తయారయ్యే వయసులో, అంటే సుమారు ఎనిమిదేళ్ల లోపు, తాగిన నీళ్ల వల్లే అవి వస్తాయి. అందుకే మనిషి ముసలివాడై ఏ పట్నంలో ఉన్నా, చిన్నప్పుడు ఏ ఊరి నీళ్లు తాగాడో ముందుపళ్లు చెప్పేస్తాయి.

స్కెలెటల్ ఫ్లోరోసిస్ అంటే మాటకు మాట 'ఎండినదానికి పట్టిన పారుడు జబ్బు' అని అర్థమొస్తుందని చెప్పాను. పెదనాన్న కాసేపు ఆగి, "పారే నీళ్లు లేకపోబట్టే గదా అబ్బయా, మేము భూమిలోవి తోడుకుని తాగింది" అన్నారు.

మిగిలినవి జెను, వాల్గమ్. లాటిన్‌లో 'జెను' అంటే మోకాలు. గ్రీకులో అది 'గోను', సంస్కృతంలో 'జాను', ఇంగ్లీషులో 'నీ'. ఇంగ్లీషువాళ్లు పలకకుండా వదిలేసినా రాతలో మాత్రం నిలుపుకున్న మొదటి 'క'కారం ఆ మూల 'గ'కారానికి గుర్తు. హరికథలో రాముణ్ణి ఆజానుబాహుడని పొగిడిన ప్రతిసారీ మనం విన్నది ఈ చీటీలోని జెను అన్నమాటే. నాలుగు మాటల్లో పెదనాన్న ముఖం వెలిగింది దీని దగ్గర ఒక్కటే.

'వాల్గమ్' దగ్గర అందరం తడబడతాం. మొదట దాని రూపం. లాటిన్‌లో విశేషణం నామవాచకం లింగాన్ని బట్టి మారుతుంది. మోకాలు నపుంసకలింగం గనుక జెను వాల్గమ్; కాలి బొటనవేలు పుంలింగం గనుక హాలక్స్ వాల్గస్; తుంటి స్త్రీలింగం గనుక కాక్సా వాల్గా. మనకు క్రియ దగ్గర వచ్చాడు, వచ్చింది అని మారినట్టు వాళ్లకు విశేషణం దగ్గర మారుతుంది. కాబట్టి వాల్గస్, వాల్గా, వాల్గమ్ మూడు జబ్బులు కావు, ఒకే మాట మూడు వేషాలు. దీనికి ఎదురుమాట వేరస్, వేరా, వేరమ్.

అర్థం దగ్గర అసలు ముడి ఉంది. ఈనాటి ఎముకల వైద్యంలో లెక్క ఇది: కీలుకు దిగువన ఉన్న భాగం శరీరపు నడిమిగీత నుంచి బయటికి తిరిగితే వాల్గస్, లోపలికి తిరిగితే వేరస్. మోకాలి విషయంలో దిగువ భాగం పిక్క, పాదం. పాదాలు ఎడంగా పోతే మోకాళ్లు ఒకదానికొకటి రాసుకుంటాయి; అది జెను వాల్గమ్. పాదాలు దగ్గరై మోకాళ్లు విల్లులా విడిపోతే జెను వేరమ్. చూసేవాడి కన్ను మోకాలి మీద పడితే లోపలికి వంగినట్టు, పాదం మీద పడితే బయటికి వంగినట్టు కనపడే వంకర ఒకటే కావడమే తికమకకు బీజం. వైద్యవిద్యార్థులు దీన్ని గుర్తుపెట్టుకోవడానికి వాల్గస్‌లో 'ల' ఉంది కాబట్టి పక్కకు, అంటే లాటరల్‌గా, పోతుందని ఒక ఉపాయం చెప్పుకుంటారు. తెలుగులో అది పనికిరాదు. వెలుపలలోనూ 'ల' ఉంది, లోపలలోనూ 'ల' ఉంది. మన ఊళ్లలో రెండిటినీ వంకరకాళ్లు అనేసి ఊరుకోవడం వైద్యానికి చాలకపోవచ్చు గానీ, తప్పు పడే వీలు లేనిది.

ఫ్లోరైడ్ ప్రాంతాల్లో ఎదిగే పిల్లలకు ఈ మోకాళ్లు రాసుకునే వంకర రావడాన్ని 1973లో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు కృష్ణమాచారి, కృష్ణస్వామి 'లాన్సెట్' పత్రికలో వివరించారు. అప్పటికి పెదనాన్న మీసం రాని పిల్లవాడు. చీటీలోని మాట ఆయన కాళ్లకు ఈనాటి వాడుక ప్రకారం అచ్చంగా సరిపోతుంది. గుమ్మంలో నిలబడితే మోకాళ్లు కలుసుకుని, చెప్పులు మూరెడు దూరంలో ఉంటాయి.

అయితే ప్రాచీన లాటిన్‌లో 'వాల్గుస్' అంటే విల్లుకాళ్లవాడు, మోకాళ్లు బయటికి పోయినవాడు. మోకాళ్లు రాసుకునేవాణ్ణి 'వారుస్' అనేవారు. రోమన్లకు ఒంటి తీరును బట్టి ఇంటిపేర్లు రావడం మామూలే, క్రీ.శ. 9లో జర్మనీ అడవుల్లో మూడు దళాలను పోగొట్టుకున్న సేనాని ఇంటిపేరు కూడా వారుసే. తర్వాతి శతాబ్దాల వైద్యులు ఈ రెంటినీ ఇష్టమొచ్చినట్టు వాడి, ఆఖరికి ఎముకల వైద్యం తలకిందులైన అర్థాన్నే స్థిరం చేసుకుంది. ఎంతో కాలంగా పుస్తకాలూ పరీక్షలూ దాని మీదే నడుస్తున్నాయి గనుక ఇప్పుడు సరిదిద్దబోతే రోగుల కాళ్లకే ప్రమాదం. కాబట్టి ఆ చీటీని అగస్టస్ కాలపు రోమన్ ఒకడి చేతిలో పెడితే, మొదటి రెండు మాటలు ఎలాగూ అతనికి అర్థం కావు. చివరి రెండు చదువుకుని, గుమ్మంలో నిలబడ్డ మా పెదనాన్నను ఎగాదిగా చూసి, ఈ కాగితం ఈయనది కాదు, పక్కింటి ఎవరిదో అయి ఉంటుందని మడిచి వెనక్కి ఇచ్చేస్తాడు.